రుషికొండలో ఒక రోజు: మీ ఐపీ68 ఫోన్ సముద్రాన్ని తట్టుకుంటుందా?

వైజాగ్‌లో పనిచేసే మా బ్యాచ్‌కి థీమ్ పార్క్ అంటే రుషికొండ నుంచి కైలాసగిరి దాకా ఉన్న బీచ్ రోడ్డే. ఐటీ హిల్ దిగితే సముద్రం. అక్కడ స్పీడ్ బోట్, జెట్ స్కీ, కయాక్. సాగర్ నగర్ దాటి ఇంకాస్త ముందుకెళ్తే కైలాసగిరి, పైన రోప్‌వే, టాయ్ ట్రైన్. పొద్దున బైకులు తీస్తే రాత్రికి గానీ రూమ్‌కి చేరం.

పోయిన నెల ఒక శనివారం అలాగే ఆరుగురం వెళ్లాం. ఆరుగురి ఫోన్లలో నాలుగింటికి ఐపీ68 రేటింగ్ ఉంది. ఆ నాలుగింటిలో ఒకటి మరుసటి రోజు పొద్దున్నకి చార్జ్ ఎక్కడం మానేసింది. దానికి ఇంకా పదకొండు ఈఎంఐలు బాకీ. ఆ ఫోన్ మా రూమ్మేట్‌ది. నడుము లోతు నీళ్లలో నిలబడి రీల్ తీస్తుంటే మేం వద్దన్నాం. "ఐపీ68 మావా, ఏటీ అవ్వదు" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో సిమ్ ట్రే తీసి, లోపల ఎర్రగా మారిన చిన్న స్టిక్కర్ చూపించి, వారంటీ రాదని చెప్పేశారు.

ఇలాంటి ట్రిప్‌లో ఫోన్‌కి ఏమేం జరుగుతాయి, ఎందుకు జరుగుతాయి అనేది ఒక్కొక్కటిగా చూద్దాం. స్పెక్ షీట్‌లో ఇవేవీ కనిపించవు.

ఐపీ68లో 8 అంటే ఏమిటి?

ఐపీ రేటింగ్ ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ నుంచి వచ్చింది. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము అసలు లోపలికి పోదు. నీటి విషయంలో 7 అంటే 1 మీటర్ లోతులో 30 నిమిషాలు. 8 అంటే 7 కన్నా కఠినమైన టెస్ట్. అయితే ఎంత లోతు, ఎంతసేపు అనేది కంపెనీయే ప్రకటిస్తుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఐఫోన్ 12 నుంచి యాపిల్ చెప్పే లెక్క 6 మీటర్లు, 30 నిమిషాలు. శాంసంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్‌కి 1.5 మీటర్లు, 30 నిమిషాలు. రెండింటి బాక్స్ మీదా ఉండేది ఐపీ68 అనే. కాబట్టి రేటింగ్ ఒక్కటే చూసి రెండు ఫోన్లను పోల్చకండి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న లోతు చూడండి.

ఇంకో మూడు విషయాలు గమనించాలి.

ఒకటి, ఈ టెస్ట్ మంచినీళ్లలో చేస్తారు. రెండు, ఫోన్‌ని కదలకుండా ఉంచి చేస్తారు. మూడు, కొత్త ఫోన్‌తో చేస్తారు. రెండేళ్లు వాడి, నాలుగుసార్లు కింద పడేసి, ఒకసారి బయట డిస్‌ప్లే మార్పించిన ఫోన్‌లో రబ్బర్ సీల్, జిగురు మొదటి రోజులా ఉండవు.

"కదలకుండా" అనే మాట ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో చెప్తాను. జెట్ స్కీ మీద నుంచి గంటకి 40 కిలోమీటర్ల వేగంతో నీళ్లలో పడ్డారనుకోండి. అంటే సెకనుకి దాదాపు 11 మీటర్లు. ఆ వేగంతో తగిలే నీటి ఒత్తిడి సుమారు 63 కిలోపాస్కల్స్. నిశ్చలమైన నీటిలో 6 మీటర్ల లోతుకి దిగితే ఉండే ఒత్తిడి అది. మీరు ఉన్నది మీటర్ లోతులోనే కావచ్చు, ఫోన్‌కి మాత్రం ఆ క్షణం 6 మీటర్ల లోతులో ఉన్నట్టే. 1.5 మీటర్లకి టెస్ట్ చేసిన సీల్ దాన్ని తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

నీటి ధార దెబ్బకి వేరే టెస్టులు ఉన్నాయి. 5, 6 అనేవి ధారకి, 9 అనేది వేడి నీళ్ల హై ప్రెషర్ జెట్‌కి. అందుకే కొన్ని కొత్త ఫోన్ల మీద ఐపీ66, ఐపీ68, ఐపీ69 అని మూడూ వేస్తున్నారు. 68 ఉంటే 66 కూడా ఉన్నట్టే అనుకోవడం కరెక్ట్ కాదు. అవి వేర్వేరు పరీక్షలు.

ఉప్పునీరు ఎందుకు అంత ప్రమాదం?

సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు కరిగితే అయాన్లు వస్తాయి, అయాన్లు ఉంటే కరెంట్ సులువుగా ప్రవహిస్తుంది. కుళాయి నీటితో పోలిస్తే సముద్రపు నీరు ఎన్నో రెట్లు మంచి కండక్టర్.

ఇప్పుడు మీ యూఎస్‌బీ-సీ పోర్ట్‌ని ఊహించుకోండి. అంత చిన్న రంధ్రంలో, మిల్లీమీటర్ దూరం కూడా లేకుండా పక్కపక్కనే పిన్నులు. మధ్యలో ఉప్పునీళ్లు. చార్జర్ పెట్టగానే ఒక పిన్ మీద 5 వోల్టులు, పక్కదాని మీద సున్నా. ఇంటర్‌లో మనం చదువుకున్న ఎలక్ట్రాలిసిస్ ఇదే! పిన్ మీది లోహం కరిగిపోతుంది, నల్లగా, పచ్చగా తుప్పు పేరుకుంటుంది. ఫోన్ లోపలికి ఒక్క చుక్క కూడా పోలేదు, సీల్ బ్రహ్మాండంగా పనిచేసింది, అయినా పోర్ట్ పోయింది.

మా రూమ్మేట్ ఫోన్‌కి అయింది ఇదే. సాయంత్రం చాయ్ బండి దగ్గర పవర్ బ్యాంక్ పెడితే పోర్ట్‌లో తడి ఉందని వార్నింగ్ వచ్చింది. టీషర్ట్‌తో తుడిచి మళ్లీ పెట్టాడు. పైకి తుడిచినంత మాత్రాన పిన్నుల మధ్య తడి పోదు కదా. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉంటుంది. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ ఉప్పు మళ్లీ తడిని లాక్కుంటుంది.

స్పీకర్, మైక్ రంధ్రాలకీ ఇదే సమస్య. వాటి వెనకాల నీటిని ఆపి గాలిని వదిలే సన్నని పొర ఉంటుంది. దాని మీద ఉప్పు గడ్డకడితే పాటలు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపిస్తాయి.

ఇది మన ఒక్కరి గోల కాదు

ఈ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. కొన్ని గెలాక్సీ మోడళ్లను స్విమ్మింగ్ పూల్‌లో, సముద్రంలో వాడొచ్చన్నట్టు ప్రకటనలు ఇచ్చినందుకు 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్‌కి 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అక్కడ తేలిన సమస్య కూడా చార్జింగ్ పోర్టే: తడి పోకముందే చార్జ్ చేస్తే తుప్పు పట్టడం. అంతకుముందు 2020లో ఇటలీలో పోటీ వ్యవహారాల సంస్థ యాపిల్‌కి కోటి యూరోల జరిమానా వేసింది. నీటిని తట్టుకుంటుందని ప్రచారం చేసి, నీళ్ల వల్ల పాడైతే వారంటీ లేదనడం అందులో ఒక ఆరోపణ.

సింపుల్‌గా చెప్పాలంటే, ఐపీ68 అనేది వానలో తడిస్తే, సింక్‌లో పడితే కాపాడే ఫీచర్. దాన్ని నమ్ముకుని సముద్రంలోకి దిగమని ఇచ్చింది కాదు.

వాటర్‌ప్రూఫ్ పౌచ్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ టెస్ట్ చేశాకే. ఫోన్ పెట్టకుండా లోపల ఒక టిష్యూ పేపర్ వేసి లాక్ చేసి, బకెట్ నీళ్లలో అరగంట బరువు పెట్టి ముంచండి. టిష్యూ పొడిగా ఉంటే ఓకే. ప్రతి ట్రిప్ ముందూ చేయండి, ఎందుకంటే మడత పడే చోట ప్లాస్టిక్ మెల్లగా చిట్లుతుంది.

లాక్ చేసే ముందు లోపల కొంచెం గాలి ఉంచండి. జారిపోతే పౌచ్ తేలుతుంది. ఏసీ రూమ్‌లో చల్లబడిన ఫోన్‌ని బీచ్‌లో తేమ గాలితో కలిపి ప్యాక్ చేస్తే లోపల ఆవిరి పట్టి కెమెరా మసకబారుతుంది. కాబట్టి ఫోన్ బయటి వేడికి అలవాటు పడ్డాక, పొడి చేతులతో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పడేస్తే ఇంకా మంచిది.

నీళ్లలో టచ్ ఎందుకు పిచ్చెక్కుతుంది?

మన స్క్రీన్లు కెపాసిటివ్. అద్దం కింద సన్నని ఎలక్ట్రోడ్ల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే అక్కడ విద్యుత్ క్షేత్రం కొంచెం మారుతుంది, ఫోన్ దాన్ని టచ్‌గా లెక్కేస్తుంది. ఉప్పునీళ్లు కూడా కండక్టరే కాబట్టి ఒక్కో చుక్కా ఫోన్‌కి ఒక్కో వేలులా కనిపిస్తుంది. మొత్తం మునిగితే అరచెయ్యి స్క్రీన్ మీద పెట్టినట్టే.

మాలో ఒకడి ఫోన్ ఆ చుక్కల దెబ్బకి తనంతట తానే ఆఫీస్ మేనేజర్‌కి వీడియో కాల్ పెట్టింది. శనివారం, అది కూడా చొక్కా లేకుండా. ఇంకా నయం, ఆయన ఎత్తలేదు.

పరిష్కారం తేలికే. నీళ్ల దగ్గరికి వెళ్లే ముందే కెమెరా యాప్ తెరిచి, వాల్యూమ్ బటన్‌ని షటర్‌గా పెట్టుకోండి. బటన్‌కి నీళ్లతో పనిలేదు.

ఎండ దెబ్బ ఫోన్‌కీ తగులుతుంది

మధ్యాహ్నం ఇసుక మీద టవల్ వేసి, దాని మీద ఫోన్ పెట్టి వెళ్లిపోతాం. ఐఫోన్‌కి యాపిల్ చెప్పే వాడకం ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. వేసవి వైజాగ్‌లో నీడలోనే ఆ లిమిట్ దగ్గర ఉంటాం. నేరుగా ఎండ పడే నల్లటి అద్దం సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు ఫోన్ వరుసగా బ్రైట్‌నెస్ తగ్గిస్తుంది, ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, చార్జింగ్ ఆపేస్తుంది. అది లోపం కాదు, బ్యాటరీని కాపాడుకోవడం. వెంటనే చల్లబరచాలని కూల్ డ్రింక్ ఐస్ బాక్స్‌లో పెట్టకండి, లోపల ఆవిరి నీరుగా మారుతుంది. నీడలో, కవర్ తీసి పెడితే చాలు.

కూలింగ్ గ్లాస్ పెట్టుకుని చూస్తే స్క్రీన్ నల్లగా కనిపించిందా? కంగారు పడకండి. పోలరైజ్డ్ అద్దాలు ఒక దిశలో కంపించే కాంతినే వదులుతాయి. డిస్‌ప్లే మీద కూడా పోలరైజర్ పొర ఉంటుంది. రెండూ అడ్డంగా కలిస్తే చీకటే. ఫోన్‌ని అడ్డంగా తిప్పి చూడండి.

కైలాసగిరి మీద ఒక చిన్న ప్రయోగం

మీ ఫోన్‌లో బారోమీటర్ ఉంటే ఇది తప్పకుండా ట్రై చేయండి. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఉంది. రుషికొండ ఇసుక మీద నిలబడి గాలి ఒత్తిడి రాసుకోండి. కైలాసగిరి ఎక్కాక మళ్లీ రాసుకోండి. సముద్ర మట్టం దగ్గర ప్రతి 8.5 మీటర్ల ఎత్తుకి సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. రెండు అంకెల తేడాని 8.5తో గుణిస్తే మీరు ఎక్కిన ఎత్తు మీటర్లలో వచ్చేస్తుంది. మధ్యలో వాతావరణం మారితే లెక్క తప్పుతుంది కాబట్టి ఎక్కువ గ్యాప్ ఇవ్వకండి. జీపీఎస్ చూపించే ఎత్తు కన్నా, ఎత్తులో చిన్న తేడాలను పట్టుకోవడంలో బారోమీటరే మెరుగు. బడ్జెట్ ఫోన్లలో సాధారణంగా ఈ సెన్సర్ పెట్టరు.

అదే యాప్‌లో యాక్సిలరోమీటర్ ఆన్ చేసి టాయ్ ట్రైన్ ఎక్కితే గీత పెద్దగా కదలదు. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి బీచ్ రోడ్‌లో వస్తే చూడండి, గీత దడదడలాడుతుంది. బైక్ ఇంజిన్ల తీవ్రమైన వైబ్రేషన్ కెమెరా స్టెబిలైజేషన్‌ని, ఆటోఫోకస్‌ని దెబ్బతీయొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. మ్యాప్ కోసం పెట్టాల్సి వస్తే వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడండి, లేదా ఇయర్‌ఫోన్‌లో ఒక చెవికి దారి చెప్పించుకోండి.

రోలర్ కోస్టర్‌కి ఫోన్ ఎందుకు వద్దు?

పెద్ద రైడ్లు కావాలంటే మనవాళ్లు హైదరాబాద్ వెళ్తారు. రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో రీకాయిల్ లాంటి కోస్టర్ ఎక్కాలని మా బ్యాచ్‌లో అందరికీ ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లకి రెండు విషయాలు.

మొదటిది క్రాష్ డిటెక్షన్. 2022లో వచ్చిన ఐఫోన్ 14లో 256 జీ వరకు కొలిచే యాక్సిలరోమీటర్ పెట్టారు. దానితోపాటు గైరోస్కోప్, జీపీఎస్ వేగం, బారోమీటర్, మైక్ అన్నీ కలిపి "కారు గుద్దుకుందా?" అని ఫోన్ నిర్ణయిస్తుంది. కోస్టర్‌లో ఏం జరుగుతుంది? భారీ వేగం, హఠాత్తుగా బ్రేక్, చుట్టూ అరుపులు. పాపం ఫోన్ యాక్సిడెంటే అనుకుంటుంది. మనం స్పందించకపోతే ఎమర్జెన్సీకి కాల్ చేస్తుంది. ఆ ఏడాదే అమెరికాలోని కింగ్స్ ఐలండ్ పార్క్ నుంచి ఇలాంటి ఉత్తుత్తి కాల్స్ అక్కడి ఎమర్జెన్సీ నంబర్‌కి వెళ్లి వార్తల్లోకి ఎక్కాయి. అలాంటి ప్రతి కాల్ వెనకాల నిజంగా ఆపదలో ఉన్నవాడు ఒకడు లైన్‌లో ఎదురుచూస్తూ ఉండొచ్చు.

రెండోది ఇంకా సీరియస్. 200 గ్రాముల ఫోన్ 30 మీటర్ల ఎత్తు నుంచి జారితే నేలని చేరేసరికి వేగం గంటకి సుమారు 87 కిలోమీటర్లు. దాని శక్తి 59 జౌల్స్ దగ్గర. గంటకి 97 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండేంత శక్తి. కింద క్యూలో నిలబడ్డ మనిషికి హెల్మెట్ ఉండదు. జేబులోవి లాకర్‌లో పెట్టమని స్టాఫ్ అరిచేది మీ ఫోన్ మీద ప్రేమతో కాదు, ఆ కింద మనిషి తల కోసం.

సిగ్నల్ ఫుల్, నెట్ నిల్

ఆదివారం సాయంత్రం రుషికొండలో ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, యూపీఐ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ గీతలు చెప్పేది టవర్ సిగ్నల్ బలం మాత్రమే. ఆ టవర్ సామర్థ్యాన్ని ఎంతమంది పంచుకుంటున్నారో అవి చెప్పవు. రోడ్డు వెడల్పుగానే ఉంది, ట్రాఫిక్ జామ్ అయింది, అంతే. మొక్కజొన్న పొత్తు కోసం పది నిమిషాలు స్క్రీన్ ఊపే బదులు ఐదొందల చిల్లర జేబులో ఉంచుకోండి. యూపీఐ లైట్‌లో పిన్ లేకుండా ఒక్కసారికి 1000 రూపాయల వరకు చెల్లించొచ్చు, వ్యాలెట్‌లో 5000 వరకు పెట్టుకోవచ్చు. చిన్న చెల్లింపులు దానితో త్వరగా అవుతాయి.

ఫోన్ పోతే అసలు పోయేది ఏమిటి?

ఫోన్ ఖరీదు మాత్రమే అయితే ఏడ్చి ఊరుకోవచ్చు. మా రూమ్మేట్‌కి సోమవారం పొద్దున ఆరింటి నుంచి ఆన్-కాల్ డ్యూటీ. లాప్‌టాప్ లాగిన్‌కి ఆథెంటికేటర్ కోడ్ కావాలి, అది చచ్చిన ఫోన్‌లో ఉంది. బ్యాంక్ ఓటీపీ రావాలి, అతనిది ఈసిమ్. మామూలు సిమ్ అయితే పీకి నా పాత ఫోన్‌లో వేసేవాళ్లం. ఆదివారం మొత్తం ఇటు ఆపరేటర్ స్టోర్‌కి, అటు టీమ్ లీడ్‌కి ఫోన్లతో సరిపోయింది. రాత్రి పదకొండుకి గానీ డ్యూటీ వేరేవాళ్లకి మారలేదు.

కాబట్టి ట్రిప్ ముందు రోజు రాత్రి ఈ నాలుగు పనులు చేయండి.

1. జీమెయిల్, గిట్‌హబ్ లాంటి వాటి బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి రూమ్‌లో పెట్టండి.
2. ఆథెంటికేటర్‌ని రెండో డివైస్‌లో కూడా సెట్ చేయండి.
3. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ వైఫైలో పూర్తి చేయండి.
4. ఇంట్లోవాళ్ల నంబర్లు, ఒక ఫ్రెండ్ నంబర్ నోటికి నేర్చుకోండి. నిజంగా.

తడిసి పాడవడం కాకుండా ఫోన్ ఎక్కడో పోతే, ఆపరేటర్‌కి చెప్పి సిమ్ బ్లాక్ చేయించి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ పెట్టండి. డబ్బు మోసం జరిగితే 1930కి వెంటనే కాల్ చేయండి.

ఉప్పునీళ్లలో పడిపోతే ఏం చేయాలి?

వెంటనే ఆఫ్ చేయండి. కవర్ తీసేయండి. ఐపీ68 ఫోన్ అయితే, సిమ్ ట్రే మూసే ఉంచి, మంచినీళ్లతో నెమ్మదిగా కడగండి. చాలామంది భయపడి ఈ స్టెప్ వదిలేస్తారు, కానీ ఉప్పు పోవాలంటే ఇదే దారి. పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. పూర్తిగా ఆరేదాకా, కనీసం ఒక రాత్రి, చార్జర్ జోలికి వెళ్లకండి. హెయిర్ డ్రయర్ వేడికి జిగురు వదులుతుంది, వద్దు. బియ్యం డబ్బా కూడా వద్దు. నలకలు పోర్ట్‌లో ఇరుక్కుంటాయని యాపిల్ కూడా బియ్యం వద్దనే చెప్తోంది. రేటింగ్ లేని ఫోన్ అయితే ఆఫ్ చేసి నేరుగా రిపేర్ షాప్‌కి తీసుకెళ్లడమే మంచిది. ఎంత ఆలస్యమైతే తుప్పు అంత ముదురుతుంది.

చివరిగా, రీల్ కన్నా ముఖ్యమైనది

వేవ్ పూల్‌లో అలల స్విచ్ ఆపరేటర్ చేతిలో ఉంటుంది. సముద్రంలో ఎవరి చేతిలోనూ ఉండదు. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, కానీ జెండా ఉన్నంత మాత్రాన లోపలి ప్రవాహం ఆగదు. అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపించే సన్నని పట్టీ చూసి "ఇక్కడ సేఫ్" అనుకుంటారు. చాలాసార్లు ఒడ్డుకి వచ్చిన నీరు తిరిగి లోపలికి లాగేసే దారి అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక బయటికి రండి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవండి. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే, గుర్తులు పెట్టిన హద్దులోనే దిగండి.

స్క్రీన్ చూస్తూ వెనక్కి నడిచేవాడికి వెనకాల వచ్చే అల కనిపించదు. మా బ్యాచ్‌లో ఇప్పుడు ఒక రూల్ పెట్టుకున్నాం: షూట్ చేసేవాడు ఇసుక మీదే ఉండాలి, నీళ్లలో ఉన్నవాడి చేతిలో ఫోన్ ఉండకూడదు. టెలిఫోటో లెన్స్‌కి అన్ని డబ్బులు పోశాం కదా, దూరం నుంచే తీయండి.